మిషను పట్టుకునే చేతులు – ఇంటివారు తెలుసుకోవలసిన జాగ్రత్తలు

(రోగుల బంధువుల కోసం ఆసుపత్రి వరండాలో జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో సర్జికల్ వార్డు సిస్టరు చేసిన ప్రసంగం)



మీలో కొందరు భర్త కోసం, కొందరు కొడుకు కోసం, కొందరు తండ్రి కోసం ఈ వరండాలో కాచుకుని ఉన్నారు. డ్రెస్సింగు వేళ అయ్యేలోగా మీతో కొంచెంసేపు మాట్లాడమని డాక్టరుగారు చెప్పారు. బి.పి. గురించి, షుగరు గురించి ఇంతకుముందు సమావేశాల్లో విన్నారు. ఈ రోజు కరెంటు మిషన్ల గురించి చెప్తాను. అంటే ఇనుము, టైల్సు కోసే కటింగ్ మిషను, డ్రిల్లింగ్ మిషను, వడ్రంగి వాడే రందా మిషను, పశువుల మేత కత్తిరించే మిషను వంటివి.

"నర్సమ్మకు మిషన్లతో ఏం పని?" అని మీకు అనిపించవచ్చు. మిషను గురించి మేస్త్రికి తెలిసినంత నాకు తెలియదు, నిజమే. కానీ అది కోసిన చేతిని కడిగి, కట్టు కట్టేది నేను. ఆ చెయ్యి ఎలా తెగిందో కట్టు కట్టేటప్పుడు ప్రతివారూ చెప్తారు. చాలామంది చెప్పే మాట ఒకటే: "ఒక్క నిమిషం పనే కదా అనుకున్నాను సిస్టర్." అందుకే ఈ విషయం పనిచేసేవారికే కాదు, వారి ఇంటివారికి కూడా తెలియాలని నా కోరిక.

మా ఇంట్లో జరిగిన సంగతి

మా తమ్ముడు వడ్రంగి. మంచి పనివాడు. కొన్నేళ్ళ క్రితం నేను సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు వాడు అరుగు మీద తలుపు చట్రాలు చేస్తున్నాడు. చేతిలో 4 అంగుళాల కటింగ్ మిషను. వెల్డింగు షాపుల్లో ఏజీ-4 అంటారే, అది. ఇనుము కోసే రాయి తీసేసి, చెక్క కోసే పళ్ళ బ్లేడు బిగించాడు. బ్లేడు మీద ఉండవలసిన గార్డు లేదు. పక్కన పట్టుకునే పిడి కూడా లేదు.

"ఏరా, దాని మీద మూత లేదేమిటి?" అని అడిగాను. "మూత ఉంటే బ్లేడు లోతుకు దిగదక్కా. నీకు తెలియదులే" అన్నాడు నవ్వుతూ. నేను కూడా నవ్వి ఊరుకున్నాను. వాడి పని వాడికి తెలియదా అనుకున్నాను.

18 రోజుల తరువాత ఫోను వచ్చింది. చెక్కలో ముడి తగిలి బ్లేడు ఇరుక్కుని మిషను ఎగిరిందట. ఒక చేత్తో మిషను, మరో చేత్తో చెక్క పట్టుకున్నాడు. ఎడమచేతి వేళ్ళు రెండు తెగి కింద పడ్డాయి. మా అమ్మ కంగారులో గాయం మీద గుప్పెడు కాఫీ పొడి అద్దింది. తోటి పనివాడు పాపం తెలివిగా ఆలోచించాననుకుని, తెగిన వేళ్ళను నేరుగా ఐసు ముక్కల్లో వేసి సంచి కట్టాడు. పెద్ద ఆసుపత్రికి చేరేసరికి ఆ వేళ్ళు గడ్డకట్టి రాయిలా అయిపోయాయి. అతికించడానికి పనికిరావని అక్కడి డాక్టర్లు చెప్పారు.

ఎవరినీ తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. అందరూ మంచి చేద్దామనే చేశారు. నేను నర్సును. తెగిన వేలిని ఎలా తేవాలో నాకు తెలుసు. కానీ మా ఇంట్లో ఎవరికీ ఏనాడూ చెప్పలేదు. గార్డు లేదని కంటితో చూసి కూడా రెండోసారి అడగలేదు. తరువాత వాడి పనిముట్ల పెట్టె సర్దుతుంటే అడుగున ఆ గార్డు, దాని స్క్రూతో సహా దొరికింది. రంగు కూడా పోలేదు, కొత్తదానిలా ఉంది. ఈ సంగతి మీకు చెప్పమని మా తమ్ముడే అన్నాడు.

ఆ మిషనులో అంత ప్రమాదం ఏముంది?

4 అంగుళాల కటింగ్ మిషను నిమిషానికి దాదాపు 11,000 సార్లు తిరుగుతుంది. అంటే చక్రం అంచు గంటకు 200 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతున్నట్లు లెక్క. హైవే మీద కారు వేగానికి రెట్టింపు. అంత వేగంలో రాయి పగిలితే ముక్కలు తూటాల్లా వస్తాయి. గార్డు ఉన్నది ఆ ముక్కలను ఆపడానికి. చెయ్యి జారితే బ్లేడుకు తగలకుండా కాపాడేది కూడా అదే.

ఇక్కడ మన ఊళ్ళలో జరిగే మూడు పెద్ద పొరపాట్లు ఉన్నాయి.

1. పెద్ద చక్రం బిగించడం: 7 అంగుళాల చక్రాన్ని నిమిషానికి దాదాపు 8,500 సార్లు తిరగడానికే తయారుచేస్తారు. గార్డు తీసేసి దానిని 4 అంగుళాల మిషనుకు బిగిస్తే 11,000 సార్లు తిరుగుతుంది. అది తట్టుకోలేని వేగం. చక్రం మీద ఎంత వేగం వరకు వాడవచ్చో అంకె వేసి ఉంటుంది. ఆ అంకె మిషను మీద ఉన్న అంకె కంటే తక్కువగా ఉండకూడదు.

2. కటింగ్ మిషనుకు చెక్క కోసే పళ్ళ బ్లేడు బిగించడం: పళ్ళు చెక్కలో పట్టుకుంటే మిషను మనిషి మీదికి ఎగురుతుంది. మా తమ్ముడికి జరిగింది ఇదే. చెక్క కోయడానికి వేరే రంపపు మిషను ఉంది. దాని వేగం ఇందులో సగమే ఉంటుంది. దానికి తనంతట తాను మూసుకునే గార్డు ఉంటుంది.

3. పక్కపిడి తీసేసి ఒంటిచేత్తో కోయడం: కోసే వస్తువును వైసులో గాని, క్లాంపుతో గాని బిగించాలి. కాలితో తొక్కిపట్టి కోయకూడదు. రెండు చేతులూ మిషను మీదనే ఉండాలి. అప్పుడు బ్లేడు దగ్గరకు పోవడానికి మూడో చెయ్యి ఉండదు కదా.

పని మొదలుపెట్టే ముందు

ఒంటి మీద బట్టలు చూసుకోవాలి. మెడలో వేలాడే తువ్వాలు, వదులు చొక్కా చేతులు, లుంగీ, చేతికి కట్టిన తాళ్ళు, కడియం, ఉంగరం ఇవన్నీ తిరిగే మిషనుకు చిక్కుతాయి. ఆడవారు పనిచేస్తే చీర కొంగు, చున్నీ దోపుకోవాలి, జడ ముడి వేసుకోవాలి. డ్రిల్లింగ్ మిషను దగ్గర వదులు గ్లవుజులు కూడా వద్దు. డ్రిల్లు బిట్టు గ్లవుజు కొసను పట్టుకుంటే వేలిని మెలితిప్పుకుని పోతుంది. కాళ్ళకు హవాయి చెప్పులు కాకుండా బూట్లు ఉండాలి.

కొత్త చక్రం బిగించాక ముఖం పక్కకు తిప్పుకుని, ఎవరూ ఎదురుగా లేకుండా ఒక నిమిషం ఖాళీగా తిప్పి చూడాలి. పగులు ఉంటే అప్పుడే తెలిసిపోతుంది. ఇనుము, రాయి కోసే చక్రాల మధ్యలో ఉన్న రేకు రింగు మీద నెల, సంవత్సరం వేసి ఉంటాయి. మందుల సీసా మీద ఉన్నట్లే అది వాటి గడువు. ఆ చక్రాలు జిగురుతో అతికినవి. చెమ్మ తగిలినా, పాతబడినా బలం పోతుంది. కింద పడిన చక్రాన్ని చవకగా వస్తుంది కదా అని వాడవద్దు.

నిప్పురవ్వలు ఎటు పోతున్నాయో చూసుకోవాలి. గడ్డివాము, పెట్రోలు, థిన్నరు డబ్బాలు, పాత ఆయిలు డ్రమ్ములు దగ్గరలో ఉండకూడదు. ఖాళీ డ్రమ్మైనా సరే, లోపల ఆవిరి ఉంటుంది. దాన్ని కోస్తే పేలుతుంది.

పశువుల మేత మిషనులో గడ్డి ఇరుక్కుంటే చాలామంది చేత్తో తోస్తారు. రోలర్లు గడ్డితోపాటు చేతిని లాక్కుంటాయి. మోటారు ఆపి, ప్లగ్గు తీసి, చక్రం పూర్తిగా నిలిచాకే గడ్డి లాగాలి. స్విచ్చి ఆపిన వెంటనే ఏ మిషనూ ఆగదు. ఇంకా కొన్ని క్షణాలు తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా ఆగకముందే కింద పెట్టేవారికీ, ఒళ్ళో పెట్టుకునేవారికీ గాయాలు అవుతాయి.

కరెంటు సంగతి

మన ఇళ్ళలో వచ్చే కరెంటు 230 వోల్టులు. అది మనిషి గుండెను ఆపడానికి చాలు. పని జరిగే చోట ప్లగ్గు లేకుండా వైరు కొసలు సాకెట్టులో పెట్టి అగ్గిపుల్లలు దోపడం నేను చాలాసార్లు చూశాను. దయచేసి ఆ పని చేయనివ్వకండి. మూడు పిన్నుల ప్లగ్గు ఉన్న మిషనుకు మూడో పిన్ను ఎర్తు. దానిని విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్టులో పెట్టకూడదు. కొన్ని మిషన్లకు రెండు పిన్నులే వస్తాయి. వాటి మీద ఒక చదరం లోపల మరో చదరం ఉన్న గుర్తు ఉంటుంది. వాటికి లోపల రెండు పొరల రక్షణ ఉంటుంది కాబట్టి ఎర్తు అక్కరలేదు.

వైరుకు అతుకులు ఉండకూడదు. తడి నేల మీద, వానలో, తడి చేతులతో మిషను పట్టుకోకూడదు. ఇంట్లో మీటరు దగ్గర ఆర్.సి.సి.బి. అనే స్విచ్చి పెట్టించుకోండి. 30 మిల్లీ ఆంపియర్లది అడగండి. కరెంటు దారితప్పి మనిషి గుండా పోతే అది క్షణంలో సప్లై ఆపేస్తుంది. పిల్లలున్న ఇంట్లో మిషన్లు లేకపోయినా అది ఉండటం మంచిది.

మిషనుకు కూడా సేవ కావాలి

దసరాకు మన ఊళ్ళలో పనివారు పనిముట్లకు పూజ చేస్తారు. ప్రతి మిషనునూ తుడిచి, బొట్టు పెట్టి, ఆ రోజు దానికి విశ్రాంతి ఇస్తారు. పనిముట్టును గౌరవించడం మంచి అలవాటు. అయితే ఆ తుడవడం ఏడాదికి ఒక్క రోజుతో సరిపోదు. వారానికి ఒకసారి ఈ పనులు చేయాలి.

* మొదట ప్లగ్గు తీయాలి. బ్యాటరీ మిషను అయితే బ్యాటరీ ఊడదీయాలి. స్విచ్చి ఆపడం చాలదు. బ్లేడు మార్చేటప్పుడు, శుభ్రం చేసేటప్పుడు పొరపాటున బటను నొక్కుకుంటే వేళ్ళు పోతాయి.
* గాలి పోయే రంధ్రాల్లోని దుమ్మును పొడి బ్రష్షుతో తీయాలి. దుమ్ము పేరుకుంటే మోటారు వేడెక్కుతుంది.
* వైరును ఈ కొస నుంచి ఆ కొస వరకు చేత్తో తడిమి చూడాలి. పగుళ్ళు ఉంటే టేపు చుట్టడం కాకుండా కొత్త వైరు వేయించాలి.
* స్విచ్చి వదలగానే ఆగుతున్నదా లేదా చూడాలి. స్విచ్చి ఇరుక్కుంటున్న మిషనుతో పనిచేయకూడదు.
* లోపల నిప్పురవ్వలు ఎక్కువగా వస్తూ, మిషను ఆగి ఆగి తిరుగుతుంటే కార్బన్లు అరిగిపోయాయేమో మెకానిక్కుకు చూపించాలి.
* గార్డు స్క్రూ, పక్కపిడి బిగుతుగా ఉన్నాయో లేదో చూడాలి. డ్రిల్లుకు చక్ తాళం వేసి మరచిపోకూడదు.
* మొద్దుబారిన బ్లేడును మార్చాలి. మొద్దు బ్లేడుకు బలం ఎక్కువ పెట్టాలి. బలం పెట్టినప్పుడే చెయ్యి జారుతుంది.
* పని అయ్యాక పిల్లలకు అందని ఎత్తులో, చెమ్మ లేని చోట పెట్టాలి.

కన్ను, చెవి, ఊపిరితిత్తులు

వేలు తెగితే అందరికీ కనిపిస్తుంది. కానీ మెల్లగా జరిగే నష్టం కనిపించదు.

కళ్ళకు మామూలు కళ్ళజోడు చాలదు. పక్కలు కూడా మూసి ఉండే గాగుల్సు కావాలి. ఇనుప రవ్వ నల్లగుడ్డు మీద పడితే ఒకటి రెండు రోజుల్లో అక్కడే తుప్పు పడుతుంది. వెల్డింగు మంటను అద్దం లేకుండా చూసినవారికి అప్పుడు ఏమీ తెలియదు. కొన్ని గంటలు గడిచాక, తరచుగా రాత్రివేళ, కళ్ళలో ఇసుక పోసినట్లు మంట మొదలవుతుంది. పక్కన నిలబడి చూసే పిల్లలకు కూడా ఇది వస్తుంది.

కటింగ్ మిషను చప్పుడు రోజూ వింటే చెవుడు వస్తుంది. మనిషి మెల్లమెల్లగా టి.వి. శబ్దం పెంచుతుంటే "వినపడనట్లు నటిస్తున్నాడు" అని కోప్పడకండి. పరీక్ష చేయించండి. ఆ రకం చెవుడు మళ్ళీ తగ్గదు. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు చవకగానే దొరుకుతాయి.

గ్రానైటు, టైల్సు పొడిగా కోసినప్పుడు లేచే తెల్లటి దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అనే జబ్బు తెస్తుంది. దానిని నయం చేసే మందు లేదు. అది ఉన్నవారికి టి.బి. కూడా తేలికగా అంటుకుంటుంది. ముక్కుకు చేతిరుమాలు కట్టుకుంటే ఆ సన్నటి దుమ్ము ఆగదు. నీళ్ళు పెట్టి కోసే మిషనుతో తడిగా కోయాలి, ఎన్-95 మాస్కు పెట్టుకోవాలి. అయితే ఆ నీళ్ళు కరెంటు వైరుకు తగలకుండా చూసుకోవాలి. రాయి కోసే మనిషికి రెండు వారాలు దాటి దగ్గు ఉంటే, ఏ పని చేస్తాడో డాక్టరుతో తప్పకుండా చెప్పండి.

ప్రమాదం జరిగితే

ఈ భాగం జాగ్రత్తగా వినండి. ఇంటికి వెళ్ళి మరో ఇద్దరికి చెప్పండి.

గాయం నుంచి రక్తం పోతుంటే: శుభ్రమైన గుడ్డ మడతపెట్టి గాయం మీద గట్టిగా అదమండి. చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచండి. గుడ్డ తడిస్తే తీయకుండా దాని మీదనే మరొకటి పెట్టి అదమండి. కాఫీ పొడి, పసుపు, కిరోసిన్, సున్నం ఏవీ పెట్టవద్దు. అవన్నీ కడిగి తీయడానికి మాకు సమయం పడుతుంది, రోగికి నొప్పి పెరుగుతుంది. వేలి మొదట్లో దారం, రబ్బరు బిగించి కట్టవద్దు. వాపు రాకముందే ఉంగరాలు తీసేయండి. ఆపరేషను అవసరం పడవచ్చు కాబట్టి కాఫీ, టీ, అన్నం పెట్టవద్దు. ధనుర్వాతం ఇంజెక్షను ఎప్పుడు చేయించారో డాక్టరుకు చెప్పండి.

వేలు తెగి పడిపోతే: దానిని వెతికి తీసుకోండి. శుభ్రమైన నీటితో మెల్లగా కడగండి, రుద్దవద్దు. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టండి. ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి నీళ్ళు పోకుండా మూతి కట్టండి. ఆ సంచిని ఐసు, నీళ్ళు కలిపిన మరో సంచిలో పెట్టండి. వేలికి ఐసు నేరుగా తగలకూడదు, వేలు నీళ్ళలో నానకూడదు. అతికించే ఆపరేషను అన్ని చోట్లా ఉండదు. కాబట్టి ఎక్కడ ఉందో ముందుగా ఫోనులో అడిగి, ఆలస్యం లేకుండా నేరుగా అక్కడికే వెళ్ళండి. అతుకుతుందో లేదో మీరు తేల్చుకోవద్దు. నలిగిపోయినట్లున్నా తీసుకురండి.

కంట్లో రవ్వ పడితే: నలపవద్దు. గుడ్డ కొసతో, అగ్గిపుల్లతో, నాలుకతో తీయించవద్దు. చనుబాలు, ఆముదం పోయవద్దు. పైపైన పడిన దుమ్మయితే మంచినీళ్ళతో కడగండి. ఏదైనా గుచ్చుకుని ఉంటే కడగవద్దు, లాగవద్దు. కంటిమీద ఒత్తిడి పడకుండా శుభ్రమైన కాగితం కప్పు బోర్లించి, ప్లాస్టరు అంటించి తీసుకురండి. నొప్పి తగ్గినా కంటి డాక్టరుకు చూపించాలి.

కరెంటు షాకు కొడితే: మనిషిని ముట్టుకోవద్దు. ముందు మెయిను ఆపండి. ఆపడం కుదరకపోతే పొడి నేల మీద నిలబడి, పొడి కర్రతో వైరును దూరం చేయండి. ఊపిరి లేకపోతే 108కి ఫోను చేయించి, రొమ్ము మధ్యలో రెండు చేతులతో 5 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండండి. అంబులెన్సు వచ్చేదాకా ఆపవద్దు. లేచి కూర్చున్నా, బాగానే ఉన్నానన్నా ఆసుపత్రికి తీసుకురండి. ఇ.సి.జి. తీసి చూడాలి.

చివరి మాట

పని వదులుకోమని ఎవరికీ చెప్పడం లేదు. ఆ మిషను మీదే ఇల్లు గడుస్తుంది. గార్డు పెడితే పని నిదానంగా సాగుతుందని కాంట్రాక్టరు కోప్పడతాడని కూడా తెలుసు. కానీ చెయ్యి పోతే ఆ ఇంట్లో ఎన్ని నెలలు పొయ్యి వెలగదో ఇక్కడ కూర్చున్న మీకు చెప్పనక్కరలేదు.

అందుకే ఇంటివారిని ఒక్కటే కోరుతున్నాను. పొద్దున అన్నం క్యారియరు చేతికిచ్చేటప్పుడు ఒక మాట అడగండి: "గార్డు ఉందా? అద్దాలు పెట్టుకున్నావా?" "నీకు తెలియదులే" అని నవ్వితే మీరు నవ్వి ఊరుకోవద్దు. రెండోసారి అడగండి. మూడోసారి అడగండి. నేను ఆ రెండోసారి అడగలేదు.

మా తమ్ముడు ఇప్పటికీ వడ్రంగి పనే చేస్తున్నాడు. ఎడమచేత్తో మేకు పట్టుకోవడం కష్టం. ఆ పనికి వాడి కొడుకు సాయపడతాడు. ఆ కుర్రవాడికి వాడు నేర్పిన మొదటి పని కోయడం కాదు, పెట్టె అడుగున ఉన్న ఆ గార్డును తీసి బిగించడం.

మీవారు త్వరగా కోలుకుని క్షేమంగా ఇంటికి చేరాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.